అత్తిపత్తికి సిగ్గెక్కడిది?

అత్తిపత్తికి సిగ్గు లేదు. సిగ్గుపడాలంటే ఎదుటివాళ్ళ కళ్ళకు తను ఎలా కనపడుతున్నదో తెలిసి ఉండాలి. దానికి కళ్ళు లేవు, మెదడు లేదు, మనకున్నలాంటి నరాలు లేవు. తాకితే ముడుచుకుంటుంది. అయినా మనుషులు దానికి పెట్టిన పేర్లు చూడండి. సంస్కృతంలో లజ్జాలువు. హిందీలో, ఉర్దూలో లాజవంతి. బెంగాలీలో లజ్జావతి. మలయా వాళ్ళ భాషలో సెమాలు, అందులోని 'మాలు' అంటే సిగ్గే. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ లోకంలోని మొక్కలకు రెండేసి మాటల పేర్లు పెడుతూ దీన్ని 'మిమోసా పుడికా' అన్నాడు. పుడికా అన్న లాటిన్ మాటకు సిగ్గరి అనీ, శీలవతి అనీ అర్థం. ఒకరి ముఖం ఒకరు చూడని ఇన్ని జాతులవాళ్ళు ఒకే మాటను ఒకే మొక్క నెత్తిన పెట్టారు. చాలా పేర్లలో అది ఆడదే అయింది.

ఇంకో రకం పేర్లు కూడా ఉన్నాయి. మలయాళంలో దీన్ని తొట్టావాడి అంటారు, తాకితే వాడేది అని. తమిళంలో తొట్టాచ్చిణుంగి, తాకితే గునిసేది. ఉర్దూలోనే ఇంకో పేరు ఛుయీముయీ, ముట్టుకుంటే చచ్చినట్టు పడేది. ఇవేమీ గొప్ప మర్యాద గల పేర్లు కావు. కానీ వీటిలో ఒక చెయ్యి ఉంది. ఎవరో తాకారు, ఆ తర్వాత ఇది ముడుచుకుంది అనే వరస ఉంది. లజ్జ పేర్లలో ఆ చెయ్యి మాయమైపోయింది. జరిగింది ఇద్దరి మధ్య. పేరు మాత్రం ఒకరి గుణం అయి కూర్చుంది. నా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఒక ప్రాణి ముడుచుకుంటే అది దాని స్వభావమా, లేక తాకిన చేతి గురించి అది చెబుతున్న సంగతా? తీర్పు చెప్పే ముందు ఎవరిని విచారించాలి?

మన తెలుగు పేరు అత్తిపత్తి ఈ రెండు జట్లలోనూ లేదు. కానీ కథల్లో 'అత్తిపత్తిలా ముడుచుకుపోయింది' అని ఎవరి గురించి రాస్తామో మీకు తెలుసు.

దాని ఊరూ పేరూ సంగతి కూడా చెప్పుకోవాలి. అత్తిపత్తి పుట్టినిల్లు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా. కొలంబస్ తర్వాతి కాలంలో సముద్రాలు దాటి వేడిదేశాలన్నిటికీ పాకింది. ఇవాళ మన కాలవగట్ల మీద, కొబ్బరితోటల్లో, బడి ఆవరణల్లో తేమ ఉన్నచోటల్లా పరుచుకుని ఉంది. సంస్కృతం పేరు తగిలించుకుని హాయిగా బతుకుతోంది. మిరపా, వేరుశనగా, జామా, బొప్పాయీ ఆ దారినే వచ్చాయి. సీతాఫలం సైతం అమెరికా ఖండపు చెట్టేనని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. మనం దానికి సీతమ్మ పేరే పెట్టుకున్నాం. మొక్కల విషయంలో మన గుండె ఎంత విశాలమైందో! ఎప్పుడొచ్చావు, ఎప్పుడు పోతావు అని వేరుశనక్కాయని నిలదీసినవాళ్ళు లేరు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే వెయ్యేళ్ళ లెక్కలు బయటికొస్తాయి. మా వాళ్ళు దూదేకులవాళ్ళు. ఈ నేల పత్తే ఏకారు, ఈ నేల మట్టిలోనే కలిశారు. మా ఇంట్లో భాష తెలుగే. అయినా ఆ లెక్కల్లో మమ్మల్నీ ఓడ దిగినవాళ్ళ కిందే రాస్తారు. పోనీ ముడుచుకోవడం పరాయి బుద్ధేమో అనుకుందామా? కేరళవాళ్ళు ముక్కుట్టి అని పిలిచే చిట్టిమొక్క ఈ దేశంలో పుట్టిందే. తాకితే దాని ఆకులూ వాలిపోతాయి.

ఇంతకీ తాకినప్పుడు ఏం జరుగుతుంది? అత్తిపత్తి ఆకు అంటే ఒక కాడకు ఈకల్లా అమరిన చిన్నచిన్న రెబ్బల వరస. ఒక్కో రెబ్బ మొదట్లో, మళ్ళీ కాడ మొదట్లో, కీలు లాంటి ఒక బుడిపె ఉంటుంది. ఆ బుడిపెలోని కణాలు నీళ్ళతో బిగిసి ఉన్నంతసేపూ ఆకు విప్పారి ఉంటుంది. తాకగానే సన్నని విద్యుత్ సంకేతం ఒకటి పరుగెత్తుతుంది. బుడిపెలో ఒక పక్క కణాల్లోంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీళ్ళు పోతాయి. ఆ పక్క కణాలు మెత్తబడి, రెబ్బలు జంటలు జంటలుగా మూసుకుంటాయి. తాకిడి గట్టిదయితే కాడ మొత్తం కిందికి వాలుతుంది. కాసేపటికి, మామూలుగా పది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల్లో, నీళ్ళు మళ్ళీ చేరి ఆకు విచ్చుకుంటుంది. రాత్రిపూట ఎవరూ తాకకపోయినా మూసుకుంటుంది. అది దాని నిద్ర.

ముడుచుకోవడం ఊరికే వచ్చేది కాదు. మూసుకున్న ఆకుకు ఎండ సరిగా అందదు, ఎండ అందకపోతే తిండి తయారు కాదు. తిరిగి నీళ్ళు నింపుకోడానికి శక్తి ఖర్చవుతుంది. చూసేవాడికి అది ఐదు సెకన్ల ముచ్చట. మొక్కకు పావుగంట పనినష్టం. మరి ఎందుకు ముడుచుకుంటుంది? ప్రాణరక్షణ కోసమేనని చాలాకాలంగా అనుకుంటున్నారు. 2022లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఆకులు కదలలేకుండా చేసిన మొక్కల్నీ, మామూలు మొక్కల్నీ మిడతలకు పెట్టారు. కదలలేని వాటినే మిడతలు ఎక్కువగా తినేశాయి. సిగ్గు అని మనం పాటలు కట్టింది ఆకలిగొన్న నోటి ముందు చేసే పని. అదీగాక దీనికి ముళ్ళున్నాయి. కాండం పొడుగునా చిన్న చిన్న ముళ్ళు. గడ్డి పీకేవాళ్ళ చేతులకు తెలుసు. లజ్జావతి అన్నవాళ్ళెవరూ ముళ్ళ ఊసెత్తలేదు.

పిల్లలు దాన్ని చూస్తే ఆగలేరు. పెద్దలూ ఆగలేరు. నడుస్తూ నడుస్తూ వంగి, వేలితో ఒకసారి రాసి, నవ్వుకుని లేచిపోతారు. దాన్ని మహాపాపం అననుగానీ, ఆ వేలికి ఏం కావాలని మాత్రం అడుగుతాను. మొక్కతో దానికి పనిలేదు. ఆకు కోయదు, నీళ్ళు పోయదు. అది ముడుచుకుంటుందా లేదా చూడాలి, అంతే. ఆ ముడుచుకోవడమే దానికి వినోదం. మొక్క దగ్గర ఈ సంగతి చిన్నది. మనుషుల దగ్గర ఇదే వేలును నేను జీవితమంతా చూశాను.

1986 ఏప్రిల్ 18న షార్జాలో చివరి బంతికి మియాందాద్ సిక్సర్ కొట్టాడు. తెల్లారి ఆఫీసుకు పోతే పక్కసీటాయన నవ్వుతూ, "ఏం సాయబూ, రాత్రి మీ ఇంట్లో సేమ్యా పాయసమటగా!" అన్నాడు. ఆ ముందురోజు ఓటమికి నాకూ నిద్రపట్టలేదు. ఆ మాట చెప్పవచ్చు. చెబితే, చూశావా ఎంత జాగ్రత్తగా మాట్లాడుతున్నాడో అంటారు. కోపగించుకోవచ్చు. కోపగించుకుంటే, ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. నేను చిన్నగా నవ్వి ఫైలు మీదికి వంగాను. "అదుగో, ముడుచుకుపోయాడు" అన్నారు ఇంకెవరో. పక్కసీటాయన చెడ్డవాడేం కాదు. మా నాయన జబ్బుపడితే ఆస్పత్రిలో రాత్రంతా నాతో కూచున్నాడు. సరదాకే అన్నాడు. వేలు కూడా సరదాకే కదా తాకేది! 1992 డిసెంబరు 6 తర్వాత ఈ సరదాలు ఇంకా పెరిగాయి. అప్పటినుంచి బాంబు ఎక్కడ పేలినా, ఖండన మా నోటి నుంచి ముందు రావాలి. రాకపోతే ఎందుకు రాలేదు, వస్తే ఎందుకు ఆలస్యమైంది. ఆ అడిగేవాళ్ళు మన అభిప్రాయం తెలుసుకుందామని అడగరు. ఆకు కదిలిందా లేదా చూద్దామని అడుగుతారు.

ఇక్కడ జగదీశ్ చంద్రబోస్ కథ ఒకటి చెప్పాలి. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. మొక్కల్లో విద్యుత్ స్పందనలను కొలవడానికి చాలా సున్నితమైన పరికరాలు సొంతంగా తయారు చేసుకున్నాడు, తర్వాతి ఏళ్ళలో అత్తిపత్తి మీద లెక్కలేనన్ని ప్రయోగాలు చేశాడు. 1901లో లండన్ రాయల్ సొసైటీలో తన ఫలితాలు చదివితే, శరీరధర్మశాస్త్రంలో అప్పటికి పెద్దతలకాయ అయిన బర్డన్ శాండర్సన్ అడ్డుపడ్డాడు. ప్రయోగాలు బాగున్నాయిగానీ శీర్షిక మార్చుకోమన్నాడు. 'రెస్పాన్స్' అనే మాట మాదాకా వచ్చేది, మొక్కకు అంత మాటెందుకు, 'రియాక్షన్' అని పెట్టుకోమని ఆ సలహా సారాంశం. బోస్ జీవితచరిత్ర రాసిన పాట్రిక్ గెడ్డెస్ ఈ సంగతి నమోదు చేశాడు. బోస్ మార్చనన్నాడు. ఆ పత్రం అప్పుడు అచ్చుకాలేదు. మరుసటేడు, 1902లో, ఆయన తన పుస్తకాన్ని 'రెస్పాన్స్ ఇన్ ది లివింగ్ అండ్ నాన్ లివింగ్' అనే పేరుతోనే తెచ్చాడు.

ఒక్క మాట కోసం అంత పట్టుదల దేనికని అనిపించవచ్చు. తెలుగులో చెప్పుకుంటే తేడా తెలుస్తుంది. రియాక్షన్ అంటే ప్రతిచర్య. గోడకు కొట్టిన బంతి వెనక్కి రావడం లాంటిది. రెస్పాన్స్ అంటే జవాబు. ప్రతిచర్యలో ఒక వస్తువే ఉంటుంది. జవాబులో ఎవరో ఉంటారు. మొక్క విషయంలో బోస్ హద్దు దాటాడనే శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు, ఆ తగువు వాళ్ళు తేల్చుకుంటారు. నాకు కావలసింది వేరు. ఎవరిది జవాబు, ఎవరిది ప్రతిచర్య అని పంచిపెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంది? పాలించే దేశపు మనిషి పాలితుడి మాట దిద్దబోయిన సందర్భం అది, మరిచిపోకండి. మన దగ్గర ఈ పంపకం ఇంకో రకంగా సాగింది. 2002లో గుజరాత్‌లో ముస్లింల ఊచకోతను 'చర్యకు ప్రతిచర్య' అని సమర్థించినవాళ్ళు ఉన్నారు. అక్కడ ప్రతిచర్య అంటే ప్రకృతి నియమం, దానికి నేరస్తులుండరు. అదే ఒక ముస్లిం కుర్రాడు గొంతు పెంచి మాట్లాడితే దానికి ప్రకృతి నియమం వర్తించదు. అది అతని మతబుద్ధి. న్యూటన్ కూడా పక్షపాతి అయిపోయాడు ఈ దేశంలో.

ఇంకో ప్రయోగం ఉంది. దాని గురించి నేను చాలా ఆలోచించాను. రెండు వందల ఏళ్ళ కిందట డెఫోంటైన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు అత్తిపత్తి కుండీలను బండిలో పెట్టించి పారిస్ వీధుల్లో తిప్పించాడు. బండి కుదుపులకు ఆకులన్నీ మూసుకున్నాయి. బండి ఆగకుండానే, కుదుపులు తగ్గకుండానే, కాసేపటికి మళ్ళీ విచ్చుకున్నాయి. అలవాటు పడ్డాయన్నమాట. 2014లో ఆస్ట్రేలియాలో మోనికా గగ్లియానో బృందం ఈ సంగతినే లెక్కప్రకారం చూసింది. కుండీల్ని పదిహేను సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తగా పడేలా మళ్ళీ మళ్ళీ జారవిడిచారు. మొదట ఆకులు మూసుకున్నాయి. పడటం వల్ల హాని ఏమీ లేకపోయేసరికి మూసుకోవడం మానేశాయి. అలసిపోయి మానేశాయేమోనని వేరేరకంగా కుదిపి చూస్తే వెంటనే ముడుచుకున్నాయి. దాదాపు నెల తర్వాత, 28 రోజులకు, మళ్ళీ జారవిడిచినా ఆ పాఠం పోలేదు. దీన్ని జ్ఞాపకం అనవచ్చా, నేర్చుకోవడం అనవచ్చా అని శాస్త్రజ్ఞుల్లో పెద్ద వాదం జరిగింది. కొందరు ఒప్పుకోలేదు. మాట ఏదైనా, ముడుచుకోవడం గుడ్డిపని కాదని మాత్రం అందులో కనపడుతుంది. హాని ఏది, ఉత్త కుదుపు ఏది అని ఏదో ఒక లెక్క దాని లోపల ఉంది.

మా మంచి కోరే సెక్యులర్ మిత్రులు సరిగ్గా ఇదే సలహా ఇస్తుంటారు. "ఊరుకో భాయ్, పట్టించుకోకు, అలవాటు చేసుకో. నాలుగుసార్లు నవ్వేస్తే వాళ్ళే మానేస్తారు." మొక్క అలవాటు పడింది హాని చెయ్యని కుదుపుకు. అలవాటు పడమని మాకు చెప్పేది హాని చేసేదానికి. ఈ తేడా చూడకుండా సహనం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా లాభం లేదు. ఇల్లు అద్దెకుందని బోర్డు ఉంటుంది. పేరు చెప్పగానే, ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారంటారు. బోర్డు మాత్రం మర్నాడు కూడా వేలాడుతూనే ఉంటుంది. మూడు ఇళ్ళ దగ్గర ఇది జరిగితే నాలుగో ఇంటి దగ్గర కుదుపు అనిపించదు, నిజమే. కానీ ఇల్లు దొరకదు కదా! మిడతకు అలవాటు పడిన ఆకు మిగలదు.

అలా ఇల్లు దొరకక మావాళ్ళున్న గల్లీలోనే గది వెతుక్కుంటే మరో మాట వినాలి: "మీవాళ్ళు కలవరండీ, ఎప్పుడూ ఒక్కచోటే ముడుచుకుని ఉంటారు." 2006లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ, భద్రత గురించిన భయంతో ముస్లింలు ఒక్కచోట చేరి బతకడం పెరుగుతోందని రాసింది. భయం అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. భయం ఉందంటే భయపెట్టింది ఏదో ఉండాలి. మన మామూలు మాటల్లో ఆ రెండో సగం ఊడిపోయి, 'కలవరు' అనే గుణం ఒక్కటే మిగిలింది. లజ్జాలువు అనే పేరు పుట్టింది కూడా ఈ పద్ధతిలోనే.

ఇంతవరకూ చెప్పినదానికి మావాళ్ళు కొందరు సంతోషిస్తారని తెలుసు. వాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. బయటి చెయ్యి మనమీద చేసిన పనే మనం ఇంట్లో ఆడపిల్లల మీద చేస్తున్నాం. వీధిలో వెకిలిచూపు చూసింది ఎవడో. తలుపు మూసేది పిల్ల మీద. చదువు మానిపించేది పిల్లని. ఆ తర్వాత, "మా పిల్ల చాలా సిగ్గరి, బయటికి రాదు" అని గొప్పగా చెప్పుకుంటాం. మా నాయనమ్మ పత్తి ఏకే ఇంట్లో మగవాళ్ళతో సమానంగా పనిచేసింది, సంతలో పరుపులు బేరం చేసి అమ్మింది. ఆమెకు ఎవరూ సిగ్గు నేర్పలేదు, ఆమె మర్యాదకూ ఏ లోటూ రాలేదు. నాలుగు డబ్బులొచ్చి కాస్త పరువు వచ్చాకే మా ఇళ్ళలో ఆడవాళ్ళకు లజ్జ వచ్చింది. బురఖా వేసుకోవాలా వద్దా అన్నది నేను తేల్చే సంగతి కాదు. వేసుకునేది ఎవరో వాళ్ళనడగాలి. అడగకుండా వెయ్యమనేవాడూ, అడగకుండా తియ్యమనేవాడూ ఇద్దరూ చెయ్యి చాస్తున్నవాళ్ళే. ముడుచుకున్న అత్తిపత్తి రెబ్బల్ని గోళ్ళతో విప్పతియ్యాలని చూసిన పిల్లల్ని మీరు చూసే ఉంటారు. రెబ్బ చిరుగుతుందిగానీ విచ్చుకోదు.

అయితే అసలు తాకకుండా ఉంటే సరిపోతుందా? ఒక మిత్రుడు నన్ను ఇదే అడిగాడు. మీతో ఏం మాట్లాడాలన్నా భయంగా ఉంది, ఏది సరదానో ఏది గాయమో తెలియడం లేదు, దూరంగా ఉండి గౌరవిస్తే మేలు కదా అన్నాడు. ఆయన బాధ నిజమైనదే. ఆయనకు నేను రాజిందర్ సింగ్ బేడీ ఉర్దూ కథ 'లాజవంతి' చదవమని ఇచ్చాను. ఉర్దూ ముస్లింల భాష అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను, బేడీ సిక్కు. కథలోని ఇల్లు హిందువులది.

దేశవిభజన నాటి కథ అది. సుందర్ లాల్ భార్య పేరు లాజవంతి. అత్తిపత్తి పేరే. అల్లర్లలో ఆమెను ఎత్తుకుపోతారు. అంతకుముందు ఆమెను కొట్టిన మొగుడే ఇప్పుడు మారిపోతాడు. అలా ఎత్తుకుపోబడిన ఆడవాళ్ళను గుండెల్లో పెట్టుకోండని ఊరేగింపులు తీస్తాడు. చివరికి రెండు దేశాలూ ఆడవాళ్ళను ఇచ్చిపుచ్చుకున్నప్పుడు లాజవంతి తిరిగొస్తుంది. ఎంతోమంది భర్తలు గుమ్మం తొక్కనివ్వని ఆ రోజుల్లో అతను ఆమెను ఇంటికి తీసుకెళ్తాడు. ఇంతవరకూ అతను మనలో చాలామంది కంటే నయం. తర్వాత ఆమెను దేవి అని పిలవడం మొదలుపెడతాడు. చెయ్యెత్తడు, కోప్పడడు. గాజుబొమ్మను చూసుకున్నట్టు చూసుకుంటాడు.

లాజవంతికి మాత్రం తన మీద ఏం జరిగిందో మొత్తం చెప్పుకోవాలని ఉంటుంది. చెప్పి, ఏడ్చి, మళ్ళీ పాత లాజో అయిపోవాలని, అతనితో పోట్లాడి మళ్ళీ కలిసిపోవాలని ఉంటుంది. అతను రెండు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎవడు వాడు, కొట్టేవాడా అని. ఆమె జవాబు చెప్పి, మిగతాది మొదలుపెట్టబోతుంది. జరిగిపోయిందేదో జరిగిపోయింది, నీ తప్పేముంది, ఇక ఆ మాటలు వద్దని అతను ఆపేస్తాడు.

నా మిత్రుడు కథ చదివి పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. "ఆయన అంత మంచిగా చూసుకున్నాడు కదా, ఆమెకు ఇంకా ఏం కావాలి?" అన్నాడు. ఆ రాత్రి పదకొండింటిదాకా దాని మీదే మాట్లాడుకున్నాం. మధ్యలో మియాందాద్ సిక్సర్ సంగతి కూడా వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో నిజంగా ఏం వండారని ఆయన అడిగాడు. పచ్చిపులుసు అని చెప్పాను.